ముందు కాపీ, తర్వాతే ఫార్మాట్

ఫాల్గుణ మాసంలో ఉపమాక గ్రామంలో కొలువైన వెంకన్నకు కల్యాణం జరుగుతుంది. కొండ కింద కిక్కిరిసిన జనం, ఎవరి చేతిలో చూసినా ఫోనో కెమెరానో. ఉత్సవం ముగిసి పందిళ్లు విప్పేశాక కూడా ఆ ఫొటోలు ఇళ్లలోని పాత కంప్యూటర్లలో, స్టూడియోల హార్డ్ డిస్కుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కూతురి పెళ్లి, తాతగారి షష్టిపూర్తి, పిల్లల అన్నప్రాశన కూడా వాటి పక్కనే చేరతాయి.

ఒకనాడు ఆ ఫొటోల ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కినా తెరుచుకోదు. పైన అడ్రస్ గడిలో ఆకుపచ్చ పట్టీ మెల్లగా పాకి చివర్లో ఆగిపోతుంది. ఆ సమయంలో ఏ ఊళ్లోనైనా వినిపించే సలహా ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టించెయ్.’

ఈ సలహా మానుకోవాలి. ఫోల్డర్ నెమ్మదించడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఐదు నిమిషాల్లో తీరిపోయేవి, ఒకటి మాత్రం చాలా ప్రమాదకరం. ఏది ఏదో తెలియకుండా ఫార్మాట్ కొట్టడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండానే ఆపరేషన్‌కు సిద్ధపడటమే.

1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్ యంత్రం, రామాక్, 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చిన బీరువా లాంటిది. పరిమాణం తగ్గిందే కానీ సూత్రం నేటికీ అదే: తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు. నేటి పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరిగితే ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు చోటు మారడానికి ఇంకొంత సమయం కావాలి. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు ఓ వందకు మించి అందుకోవడం దానికి కష్టం. ఒకే ఫోల్డర్‌లో ఐదు వేల ఫొటోలు కుక్కి, ప్రతిదానికీ బుల్లి బొమ్మ చూపించమంటే నిమిషం దాటినా ఆశ్చర్యం లేదు. అది జబ్బు కాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కస్టమైజ్‌కు వెళ్లి ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకుంటే చాలావరకు తేరుకుంటుంది. ఫొటోలను తేదీలవారీగా విడగొడితే ఇంకా మేలు. డ్రైవ్ నిండిపోయి ఉంటే కొంత ఖాళీ చేసి, చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ చేయాలి. తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీకి మాత్రం డీఫ్రాగ్ అక్కర్లేదు. బయటి డిస్క్ అయితే పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించారేమో చూడాలి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. అన్నీ బాగానే తెరుచుకుంటూ ఒకటి రెండు ఫోల్డర్ల దగ్గరే కంప్యూటర్ బిగుసుకుపోవడం, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ వేగం మాత్రం కిలోబైట్లలోనే ఉండటం, లోపల ‘టక్, టక్’మని శబ్దం రావడం. ఇవి డిస్క్ అరిగిపోతోందనడానికి గుర్తులు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ వరుసలో ‘రా వ్యాల్యూస్’ కింద సున్నా కాకుండా మరే అంకె ఉన్నా డిస్క్ చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయని అర్థం. ఆ స్థితిలో డీఫ్రాగ్, చెక్‌డిస్క్ లాంటివి నడిపితే నీరసంగా ఉన్న మనిషిని కొండ ఎక్కించినట్లే. ముందు విలువైన ఫోల్డర్లను వేరే డిస్క్‌లోకి ఎక్కించాలి. శబ్దం గట్టిగా వస్తుంటే అదీ వద్దు, కరెంటు ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకు అప్పగించాలి.

‘సీలోంచి డీలోకి కాపీ చేశాం కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. మన ఇళ్లలో ఎక్కువగా సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు గదులు. ఇల్లే కూలితే ఏ గదిలో దాచినా ఒకటే. ‘ఫార్మాట్ అయినా రికవరీ చేసుకోవచ్చు’ అన్న మాటనూ నమ్ముకోకూడదు. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాసేస్తుంది. ఆ తర్వాత తిరిగి తెచ్చుకునేది ఏమీ ఉండదు.

విలువైనవాటిని కంప్యూటర్‌కు అప్పగించడం మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే ‘కార్డ్’ పథకంతో భూముల రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పాతికేళ్లు దాటినా రెండో కాపీ ఉంచుకునే అలవాటు మాత్రం మన ఇళ్లకు రాలేదు.

కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళ్లేటప్పుడు ఖాళీ డిస్క్ ఒకటి వెంట ఉండాలి. అక్కడి కుర్రాడి చేతిలో దాన్ని పెట్టి, ‘బాబూ, ముందు కల్యాణం ఫోల్డర్ ఇందులోకి ఎక్కించు, పది ఫొటోలు తెరిచి చూపించు, ఆ తర్వాతే మిగతా పని’ అని చెప్పాలి.