చిట్టెలుక కుంటితే ఫలితమూ కుంటుతుంది

అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల దుకాణాలలో రాగి పిండి పొట్లాలు విరివిగా లభిస్తాయి. రాగులు ఎముకలకు బలమన్న నమ్మకం ప్రజలలో స్థిరపడింది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండటం వాస్తవమే. అయితే అందులో ఎముకకు చేరేదెంత అన్న ప్రశ్నకు సమాధానం తరచుగా ఎలుకలు, చిట్టెలుకలపై జరిపే ఆహార ప్రయోగాల నుండి వస్తుంది. ఆ జంతువుల వెనుక కాళ్ల కీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో వ్యవసాయ శాస్త్రజ్ఞులు విచారించడం అవసరం.

తీగ అడుగులో పాదం చిక్కుకోవడం, పరిచయం లేని మగవాటిని కలిపి ఉంచినపుడు జరిగే పోట్లాటలు, వయసుతో వచ్చే అరుగుదల కీళ్లను దెబ్బతీస్తాయి. డీబీఏ/1 వంటి వంశాలలో, కలిపి పెంచిన మగవాటికి ఏ గాయమూ లేకుండానే చీలమండ కీళ్లు బిగుసుకుపోయే వ్యాధి కనిపిస్తుంది. సాధారణ పంజరంలో మేత, నీటి సీసా పైమూతకు అమర్చి ఉంటాయి. వాటిని అందుకోవాలంటే చిట్టెలుక వెనుక కాళ్లపై నిలబడాలి. కుంటుతున్నది సరిగా తినలేదు, బరువు తగ్గుతుంది. పైగా భారం మోయని కాలి ఎముక రెండు మూడు వారాలలోనే సాంద్రత కోల్పోతుంది. ఆ నష్టం పరీక్షిస్తున్న వంగడం ఖాతాలో పడితే మంచి వంగడం నిరుపయోగమనిపిస్తుంది. పోలిక వర్గంలో పడితే సామాన్యమైనది గొప్పదనిపిస్తుంది.

క్షేత్ర ప్రయోగాలలో అంచు వరుసలను దిగుబడిలో కలపరు. పడిపోయిన పైరును, మొలవని సాళ్లను పుస్తకంలో నమోదు చేస్తారు. అదే క్రమశిక్షణ పంజరానికీ వర్తించాలి. మేతను పంజరం మొత్తానికి ఇచ్చినపుడు పంజరమే మడి. అందులోని ఒక్కొక్క చిట్టెలుకను వేరు పునరావృతంగా లెక్కించడం, ఒకే మడిలోని మొక్కలను వేర్వేరు మడులుగా లెక్కించడంతో సమానం.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1998లో వెలువడిన నియమాల ప్రకారం ప్రయోగానికి ముందే జంతు నైతిక సంఘం అనుమతి పొందాలి. ఆ అనుమతితో బాధ్యత తీరదు. జంతువుల నడకను ప్రతిదినం గమనించాలి. బరువును వారం వారం తూచాలి. కుంటేదానికి చికిత్స, నేలపైనే మేత అందించాలి. బాధ తగ్గకపోతే ప్రయోగం నుండి తప్పించాలి. తప్పించే ప్రమాణాలను ముందే నిర్ణయించి, ఎన్నింటిని, ఎందుకు తప్పించారో ప్రచురించాలి. దీనివల్ల సంఖ్య తగ్గుతుందన్న అభ్యంతరం ఉంది. కానీ లోపాన్ని దాచి నిలుపుకున్న సంఖ్య వల్ల శాస్త్రానికి ప్రయోజనం లేదు.

ఒక వంగడం ఎముకలకు మేలని రైతుకు చెప్పేముందు విస్తరణ శాస్త్రజ్ఞుడు ఈ వివరాలను అడగాలి. అవి లేని ఫలితాన్ని సిఫారసుగా మార్చరాదు.