'ఫిర్యాదులు లేవు' అంటే భద్రత ఉన్నట్టేనా?

మన రాష్ట్రంలో ఏ చిన్న కాలేజీకైనా వెళ్లి, ఆడపిల్లల మీద వేధింపుల గురించి గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయని అడిగి చూడండి. చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: "మా కాలేజీలో అలాంటివేమీ లేవండి." యాజమాన్యాలు ఈ మాటను యోగ్యతాపత్రంలా చూపిస్తాయి. తల్లిదండ్రులు విని ఊరట చెందుతారు. నాకు మాత్రం ఈ సున్నా దగ్గరే అనుమానం మొదలవుతుంది. ఇంట్లో, వీధిలో, బస్సులో, పని దగ్గర స్త్రీల మీద హింస ఉన్న సమాజంలో కాలేజీ గేటు లోపల మాత్రం అది లేకుండా పోతుందా? ఏమీ జరగక వచ్చిన సున్నా వేరు, చెప్పుకునే దారి లేక వచ్చిన సున్నా వేరు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చమని అడగాల్సిన బాధ్యత స్త్రీల సంఘాలుగా మన మీద ఉంది.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడునే తీసుకుందాం. సముద్రాన్ని నమ్ముకుని బతికే ఊరు. ఈ తీరంలో మగవాళ్లు చాలామంది వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతారు. నెలల తరబడి ఇంటి బరువు, పిల్లల చదువు ఆడవాళ్ల మీదే పడతాయి. ఇక్కడి ఆడపిల్ల డిగ్రీ చదవాలంటే టెక్కలికో, పలాసకో, ఇంకా దూరానికో పోవాలి. రోజూ బస్సులోనో ఆటోలోనో పోయిరావాలి, లేదంటే హాస్టల్లో ఉండాలి. చాలా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. అందుకే దారిలోనో తరగతిలోనో ఎవరైనా వేధిస్తే ఆమెకు ముందు గుర్తొచ్చేది చట్టం కాదు, చదువు. "ఇంటికాడ తెలిస్తే సదువు మానిపించీస్తారు" అనే మాట ఈ ప్రాంతపు పిల్లల నోట నేను ఎన్నోసార్లు విన్నాను. ఫిర్యాదు చేస్తే వేధించినవాడికి ఏమవుతుందో ఆమెకు తెలియదు. తనకేమవుతుందో మాత్రం బాగా తెలుసు. చదువు ఆగిపోతుంది, పెళ్లి సంబంధాలు చూడటం మొదలవుతుంది.

తల్లిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. భర్త వేటకు పోయి, తను చేపలు అమ్ముకుంటేనే పూట గడిచే స్త్రీ, ఆ రోజు పని మానుకుని టెక్కలి వెళ్లి ప్రిన్సిపాల్‌తోనూ పోలీసులతోనూ మాట్లాడాలంటే ఆమె వెనక ఎవరున్నారు? కాపాడే వ్యవస్థ లేనప్పుడు కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఒక్కటే ఆమెకు కనిపించే రక్షణ. నేరం చేసినవాడు కాలేజీలో ఉంటాడు, నేరానికి గురైన పిల్ల కాలేజీ వదిలేస్తుంది. రికార్డులో మాత్రం ఫిర్యాదుల సంఖ్య సున్నా.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. అవి మనకు ఎవరూ దయతో ఇచ్చినవి కావు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామీణ కార్యకర్త మీద జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత స్త్రీల సంఘాలు పోరాడితే, 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం రావడానికి మరో 16 ఏళ్లు పట్టింది. 2013లో వచ్చిన ఆ చట్టాన్ని ఆధారం చేసుకుని యూజీసీ ఉన్నత విద్యాసంస్థలకు 2015 నిబంధనలు చేసింది. వాటి ప్రకారం ప్రతి కాలేజీలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ అధ్యాపకురాలై ఉండాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులు కూర్చోవాలి. స్త్రీల సమస్యల మీద పనిచేసే బయటి సభ్యులొకరు ఉండాలి. డీన్లు, శాఖాధిపతుల వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఉండకూడదు. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలల దాకా కమిటీ గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

కాలేజీ ఆవరణ అంటే ప్రహరీగోడ లోపలి స్థలం మాత్రమే కాదని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి. హాస్టలు, ఆటల పోటీలు, విహారయాత్రలు, శిక్షణ కోసం వెళ్లే సంస్థలు, రాకపోకలకు ఏర్పాటు చేసిన వాహనం కూడా అందులోకి వస్తాయి. తీరం ఊళ్ల నుంచి కాలేజీ బస్సెక్కే పిల్లలకు ఇది చాలా ముఖ్యమైన విషయం. "బస్సులో జరిగింది, మాకేం సంబంధం?" అని యాజమాన్యం తప్పించుకోవడానికి వీల్లేదు.

మరి చిన్న కాలేజీలో ఏం జరుగుతోంది? న్యాక్ బృందం వచ్చే ముందు కమిటీ పేర్లు ఫైలెక్కుతాయి. ఆ కమిటీలో తను ఉన్నట్టు తెలియని సభ్యులు కూడా ఉంటారు. పది, పదిహేనుమంది అధ్యాపకులున్న చోట ఆరోపణ ఎదుర్కొనే మనిషి, విచారించే మనిషి ఒకే గదిలో టీ తాగే సహోద్యోగులు. మహిళా లెక్చరర్లలో చాలామంది కాంట్రాక్టు మీదో గెస్టుగానో పనిచేస్తున్నవాళ్లు. వచ్చే ఏడాది కొలువు ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో, వాళ్ల మీద ఆమె విచారణ జరపగలదా? సీనియర్ స్త్రీ దొరక్కపోతే ఇతర కార్యాలయాల నుంచి, విభాగాల నుంచి అధ్యక్షురాలిని తెచ్చుకోవచ్చని చట్టమే దారి చూపించింది. బయటి సభ్యురాలిని పెట్టమన్నదీ ఇందుకే. కానీ ఆ స్థానంలో యాజమాన్యానికి తెలిసినవాళ్ల పేరు రాసుకుంటే కమిటీ ఉండీ లేనట్టే.

కాగితం మీది కమిటీ ప్రాణం కాపాడదని మన పొరుగునే రుజువైంది. 2025 జూలైలో ఒడిశాలోని బాలాసోర్‌లో ఫకీర్ మోహన్ కాలేజీ బి.ఇడి. విద్యార్థిని తన శాఖాధిపతి వేధిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. ఆ అమ్మాయి నోరు మూసుకుని కూర్చోలేదు. రాసి ఇచ్చింది, కమిటీ ముందుకు వెళ్లింది, ప్రిన్సిపాల్‌ని కలిసింది. తనకు న్యాయం జరగదన్న నిరాశతో జూలై 12న కాలేజీలోనే ఒంటికి నిప్పంటించుకుంది. రెండు రోజుల తర్వాత భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చనిపోయింది. శాఖాధిపతిని, ప్రిన్సిపాల్‌ని అరెస్టు చేశారు. "ధైర్యంగా ముందుకొచ్చి చెప్పండి" అని ఆడపిల్లలకు ఉపన్యాసాలిచ్చే మనం ఈ మరణం ముందు ఆగి ఆలోచించాలి. విని, చర్య తీసుకునే వ్యవస్థను నిలబెట్టకుండా ధైర్యాన్ని మాత్రం ఆమెనే తెచ్చుకోమనడం అన్యాయం.

నమ్మకం లేని చోట ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024 ఆగస్టు చివర్లో కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ స్నానాలగదుల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న వార్త గుప్పుమంది. రాత్రంతా అమ్మాయిలు ఆందోళన చేశారు. దర్యాప్తు తర్వాత పోలీసులు కెమెరాలకు ఆధారాలు దొరకలేదని ప్రకటించారు. ఆ పిల్లలది అనవసర భయమని కొట్టిపారేసినవాళ్లున్నారు. నేనలా అనుకోను. తమ అనుమానాన్ని వెంటనే పరిశీలించి నిజం చెప్పే మనిషి లోపల ఉన్నారన్న నమ్మకం ఉంటే అర్ధరాత్రి రోడ్డెక్కాల్సిన అవసరం ఎవరికీ రాదు. దాపరికం అలవాటైన చోట నిజానికీ పుకారుకీ తేడా తెలియకుండా పోతుంది.

ఇంటర్ చదివే పిల్లల పరిస్థితి వేరుగా చూడాలి. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేసి తీరాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. లెక్చరర్ చేత క్షమాపణ చెప్పించి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, "కాలేజీ పరువు" కాపాడుకోవడం రాజీ కాదు, నేరం. ర్యాగింగ్ విషయంలో కూడా మన రాష్ట్ర చట్టం 1997లోనే ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. ఫిర్యాదు అందాక చర్య తీసుకోని సంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినట్టుగానే భావిస్తుంది.

పోలీసుస్టేషన్ల సంగతీ చెప్పుకోవాలి. టెక్కలిలో జరిగింది, భావనపాడు పిల్ల, నేరస్థుడిది ఇంకో మండలం. ఇలాంటప్పుడు "మా పరిధి కాదు" అని తిప్పి పంపడం పాత అలవాటు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అత్యాచారం, స్త్రీ మీద దౌర్జన్యం వంటి నేరాల సమాచారాన్ని నమోదు చేయని ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. ఈ రెండు సెక్షన్ల నంబర్లు మన కార్యకర్తలందరికీ నోటికి వచ్చి ఉండాలి.

ఇక ముఖ్యమైన విషయం, లెక్కలు బయటపెట్టడం. 1986లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం హాస్టల్లో జీన్ క్లెరీ అనే విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ ఆవరణలో అంతకుముందు ఎన్నో హింసాత్మక నేరాలు జరిగినా విద్యార్థులకు తెలియనివ్వలేదని ఆమె తల్లిదండ్రులు తర్వాత గ్రహించారు. వాళ్ల పోరాటం వల్ల 1990లో చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందే ప్రతి కాలేజీ గత మూడేళ్ల నేరాల లెక్కను ఏటా అక్టోబరు 1లోగా ప్రచురించాలి. అదే సంస్థకు వేరే ఊళ్లో చిన్న కేంద్రం ఉన్నా దాని లెక్క విడిగా చూపాలి. ఆ చట్టంతో అక్కడ హింస పోలేదు. దాచిపెట్టే సంస్థలు అక్కడా ఉన్నాయి. అయితే దాచినందుకు శిక్ష ఉంది. 2024లో లిబర్టీ విశ్వవిద్యాలయానికి కోటీ 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. అమెరికా వెళ్లిన మన తెలుగు పిల్లలకు తమ కాలేజీ నేరాల లెక్క చూసే హక్కుంది. టెక్కలిలో, పలాసలో చదివే పిల్లలకు ఎందుకుండకూడదు?

మన దగ్గర కూడా కమిటీ ఏటా నివేదిక పంపాలి. కానీ ఆ నివేదిక యూజీసీకీ జిల్లా అధికారికీ పైకి వెళ్తుందే తప్ప చదువుకునే పిల్లల దగ్గరికి రాదు. భావనపాడు ఓడరేవుగా మొదలై మూలపేట దగ్గర 2023లో శంకుస్థాపన జరిగిన పోర్టు లాంటి పెద్ద ప్రాజెక్టులకు ముందు నివేదిక బయటపెట్టి ప్రజాభిప్రాయం వినాలని నియమం ఉంది. ఆడపిల్లలను నమ్మి పంపే కాలేజీ గురించి ఒక్క కాగితం చూపమంటే మాత్రం గొంతెమ్మ కోరికా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫిర్యాదు చేసిన స్త్రీ ఎవరో బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. రెండువందలమంది ఉన్న కాలేజీలో "ఒక ఫిర్యాదు" అని రాస్తే ఆమె ఎవరో ఊరంతా ఊహిస్తుంది. కాబట్టి చిన్న కాలేజీల విషయంలో మూడేళ్ల సంఖ్య కలిపి ఇవ్వవచ్చు. ఎన్ని వచ్చాయి, ఎన్ని గడువులో తేలాయి, ఎన్నిటిలో చర్య తీసుకున్నారు, ఈ మూడు సంఖ్యలు చాలు. పేర్లు, వివరాలు వద్దు.

ఇంకో హెచ్చరిక కూడా చేయాలి. లెక్కలు బయటికొస్తే యాజమాన్యాలు వెంటనే చేసేది ఆడపిల్లలకు కొత్త ఆంక్షలు పెట్టడం. సాయంత్రం ఐదుకే హాస్టల్ గేటుకు తాళం, ఫోన్లు లాక్కోవడం, దుస్తుల మీద నియమాలు. భద్రత పేరుతో మగపిల్లలకు లేని నియమాలను ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. మనం అడిగేది దారిలో దీపాలు, సమయానికి బస్సు, గడియ ఉన్న మరుగుదొడ్డి, నమ్మదగిన కమిటీ. ఆడపిల్లను బంధించడాన్ని భద్రత అని మనం ఒప్పుకోకూడదు.

ఈ పని మన నుంచే మొదలవ్వాలి. ప్రతి మండలంలోని సంఘం తన పరిధిలో ఉన్న కాలేజీల జాబితా రాసుకుని, కమిటీ సభ్యులెవరో అడగాలి. ప్రభుత్వ కాలేజీ చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. బయటి సభ్యురాలి స్థానం ఖాళీగా ఉంటే మనలో అర్హులైనవాళ్లు ముందుకు రావాలి. జిల్లాల్లో అధికారులను నియమించి, స్థానిక కమిటీలు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. మన జిల్లా కమిటీలో ఎవరున్నారో, మండలంలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఎవరో కలెక్టరేట్‌ను అడిగి తెలుసుకోవాలి. 112, 181 నంబర్లు ప్రతి కాలేజీ గోడ మీద, కాలేజీ బస్సులో కనిపించేలా చూడాలి.

అన్నిటికంటే ముందు తల్లుల దగ్గరికి వెళ్లాలి. పొదుపు సంఘం సమావేశాల్లో అప్పుల లెక్కల తర్వాత ఈ విషయం కూడా ఒక అంశం కావాలి. "మీ అమ్మాయి వచ్చి చెబితే చదువు మాన్పించకండి, మాకు కబురు చేయండి, మీతోపాటు టెక్కలి మేమూ వస్తాం" అని వాళ్లకు మాట ఇవ్వాలి. ఇచ్చిన మాట ప్రకారం వెళ్లాలి. అప్పుడు కాలేజీల రికార్డుల్లో సున్నా పోయి ఒకటో రెండో ఫిర్యాదులు కనబడితే కంగారు పడనక్కర్లేదు. ఆ పిల్లలు నోరు విప్పారని, ఇంకా చదువుకుంటున్నారని అర్థం.