హంతకుడెవరో తెలుసు... చెప్పడమే కష్టం!

డిటెక్టివ్ నవల చదివేవాళ్లకి రచయిత మీద రకరకాల కోపాలు వస్తుంటాయి. హంతకుణ్ని సగంలోనే పట్టేశామని కొందరు పెదవి విరుస్తారు. అద్దెకు తెచ్చిన పుస్తకంలో చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారని కొందరు తిట్టుకుంటారు. అంతేగానీ, 'నేను అడిగేదేమిటో ఈ కథకి అర్థం కావడం లేదు' అని ఎవరూ ఫిర్యాదు చేయరు. 2023 ఏప్రిల్‌లో సరిగ్గా ఆ ఫిర్యాదే వచ్చింది. అదీ ఒకరిద్దరి నుంచి కాదు, మూకుమ్మడిగా.

ఆ కథ పేరు 'పోర్టోపియా వరుస హత్యల కేసు'. పుస్తకం కాదు, జపాన్‌లో పుట్టిన కంప్యూటర్ ఆట. కోబే నగరంలో అప్పులిచ్చే కంపెనీ యజమాని ఒకాయన లోపలి నుంచి గడియ పెట్టిన గదిలో చనిపోయి ఉంటాడు. ఆడేవాళ్లే పోలీసు అధికారి. యాసు అనే కుర్ర సహాయకుడు వెంట ఉంటాడు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని ప్రశ్నించాలో అతనికి చెబుతూ కేసు ఛేదించాలి. బొమ్మ పైన, మాటలు కింద. బటన్ నొక్కితే పేజీ తిప్పినట్టు కథ ముందుకు సాగుతుంది. ఈ తరహా ఆటల్నే ఇప్పుడు విజువల్ నవలలు అంటున్నారు. వాటిలో అపరాధ పరిశోధన కథలకి పెద్దక్క ఈ పోర్టోపియానే.

దీన్ని రాసింది యూజీ హోరీ. తర్వాత 'డ్రాగన్ క్వెస్ట్'తో జపాన్ అంతటా పేరు తెచ్చుకున్నాయన. 1983లో వచ్చిన తొలి పోర్టోపియాలో ఏం చేయాలన్నా టైపు చేయాలి. ఒక పని మాట, ఒక వస్తువు మాట. చిక్కేమిటంటే, ఆ మాట యంత్రానికి ముందే నేర్పిన మాట అయ్యుండాలి. 'వెతుకు' అంటే తెలిసిన యంత్రానికి 'గాలించు' అంటే తెలియకపోవచ్చు. అంటే ఆడేవాళ్లు హంతకుడితో పాటు రచయిత మనసులోని మాటని కూడా పట్టుకోవాలన్నమాట!

1985లో ఇదే ఆట నింటెండో వారి ఫ్యామికామ్ యంత్రానికి వచ్చింది. దాన్ని టీవీకి తగిలించి ఆడాలి. చేతిలో ఉండేది ఓ చిన్న మీటల పెట్టె. దాంతో టైపు చేయడం కుదరదు. అందుకని చేయగల పనులన్నీ తెర మీద పట్టికలా పెట్టేశారు. వెళ్లు, ప్రశ్నించు, వెతుకు, చూపించు... కావలసినదాని దగ్గరికి బాణం గుర్తు జరిపి నొక్కడమే. కీబోర్డు లేదు కాబట్టి గత్యంతరం లేక చేసిన ఏర్పాటు ఇది. కానీ ఫలితం చూడండి. టైపు చేయడం రాని పిల్లలు, కంప్యూటర్ మొహం చూడని పెద్దలు, చేతివేళ్లు సరిగా స్వాధీనంలో లేనివాళ్లు... ఒక్క బొటనవేలు కదిపితే చాలు, అందరూ డిటెక్టివులైపోయారు. హంతకుడి పేరు ఎంతగా పాకిపోయిందంటే, ఆట ఆడనివాళ్లు కూడా దాన్ని సామెతలా వాడేశారు. ఆ పేరేమిటో ఇక్కడ చెప్పడం ధర్మం కాదు.

మళ్లీ 2023కి వద్దాం. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఈ పాత కథనే తీసుకుని, కృత్రిమ మేధతో మామూలు భాషని అర్థం చేసుకునే ప్రయోగంగా ఉచితంగా విడుదల చేసింది. పట్టిక తీసేశారు. నోటికొచ్చినట్టు టైపు చేయండి, యాసు అర్థం చేసుకుంటాడన్నారు. చెప్పుకోవడానికి ఎంత బాగుందో! తీరా ఒకే ప్రశ్నని నాలుగు రకాలుగా మార్చి అడిగినా యాసు తలాడించి ఊరుకునేవాడు. కేసు ఏమిటో తెలుసు, తర్వాతి అడుగు తెలుసు, దాన్ని యంత్రం చెవిలో వేసే దారే తెలియదు. డబ్బు పెట్టి కొన్నది కాకపోయినా ఆడినవాళ్లు దుమ్మెత్తిపోశారు. 'స్టీమ్' ఆటల దుకాణంలో దానికి పడిన ముద్ర 'చాలా ప్రతికూలం'. నలభై ఏళ్లు తిరిగి తిరిగి బండి మళ్లీ 1983 దగ్గరే ఆగింది.

ఆ కోపం సబబైనదే. డిటెక్టివ్ కథలో పరీక్ష పెట్టాల్సింది బుర్రకి. టైపింగుకి కాదు, వేళ్ల వేగానికి కాదు, కంటిచూపుకి కాదు. బుర్రకి పెట్టిన పరీక్షలో ఓడిపోతే ఎవరూ చిన్నబుచ్చుకోరు. 'అరె, ఆ గడియారం సంగతి గమనించలేదే' అని నవ్వుకుంటారు. జవాబు తెలిసీ ఓడిపోతేనే మండుతుంది.

అయితే పట్టిక మాత్రం పరమౌషధమా అంటే, అదీ కాదు. పాత కాపులు ఎప్పటి నుంచో ఒక మాట అంటున్నారు. ఏమేం చేయొచ్చో ముందే రాసి పెట్టాక ఇక ఆలోచించేదేముంది? వరసగా ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోతే ఏదో ఒకటి తగులుతుంది. మన పిల్లలు బిట్ పేపర్లో ఎ, బి, సి, డి గుర్తులు పెట్టినట్టు! ఈ మాటలో నిజముంది. సులువు చేయడమంటే తలుపు వెడల్పు చేయడమే కావచ్చు, ఒక్కోసారి ఇంట్లో సామానంతా బయట పడేయడమూ కావచ్చు. ఏది ఏదో తేల్చుకోవడంలోనే ఉంది తమాషా అంతా.

ఈ చిక్కుముడిని చక్కగా విప్పినవాడు కొయిచి నకమురా. ఫ్యామికామ్ పోర్టోపియాని తయారుచేసిన చున్‌సాఫ్ట్ అధిపతి ఈయనే. డ్రాగన్ క్వెస్ట్ పనిలో ఉన్న రోజుల్లో తను తీసిన ఆటని స్నేహితురాలికి చూపిస్తే ఆ అమ్మాయికి రుచించలేదట. దాంతో ఆటలే ఎరగనివాళ్ల కోసం ఏదైనా చేయాలనిపించింది. అలా 1992లో 'ఒతోగిరిసో' పుట్టింది. చదవడం, మధ్యమధ్య ఒక దారి ఎంచుకోవడం, అంతే. 1994లో అదే పద్ధతిలో 'కమాయితాచి నో యోరు' వచ్చింది. కథ రాసింది పేరున్న మిస్టరీ రచయిత తకెమారు అబికో. మంచు తుపానులో చిక్కుకున్న విడిది, అందులో ఓ హత్య. మనుషులంతా తెర మీద నీలి నీడలుగా కనిపిస్తారు. ఎవరి మొహమూ కనబడదు కాబట్టి ఎవరి మీదైనా అనుమానపడొచ్చు! దారి పొడవునా ఎంచుకోవడానికి పట్టికే ఉంటుంది. అసలు ఘట్టంలో మాత్రం హంతకుడి పేరు ఆడేవాళ్లే సొంతంగా రాయాలి. అక్కడ గుడ్డిగా నొక్కితే కుదరదు. చేతికి సులువు, బుర్రకి కష్టం. ఒక్క పేరు రాయడానికి ఎంత నిదానమైన వేళ్లయినా సరిపోతాయి.

ఇదే సూత్రాన్ని మరో రకంగా పట్టుకున్న ఆట 2010లో వచ్చిన 'డంగన్‌రోంపా'. ఇందులో విద్యార్థులే తోటి విద్యార్థి హత్య మీద విచారణ జరుపుతారు. ఒకరు మాట్లాడుతుంటే ఆ మాటలు తెర మీద ఎగురుతూ పోతుంటాయి. అబద్ధం ఉన్న మాటని సాక్ష్యంతో గురిచూసి కొట్టాలి. గడియారం ఓపక్క పరిగెడుతూనే ఉంటుంది. వేళ్లు వణికేవాళ్లకి, చదవడానికి కాస్త సమయం పట్టేవాళ్లకి ఇది నరకమే. కానీ తయారుచేసినవాళ్లు ఒక తెలివైన పని చేశారు. కష్టం ఎంతుండాలో ఎంచుకునే చోట ఒకటి కాదు, రెండు వరసలు పెట్టారు. తర్కానికి ఒకటి, చేతివాటానికి ఒకటి. తర్కాన్ని గట్టిగా ఉంచుకుని, చేతిపనిని మెత్తగా మార్చుకోవచ్చు. తర్వాత వచ్చిన డిటెక్టివ్ ఆటలన్నీ దీన్ని ఎందుకు కాపీ కొట్టలేదో అర్థం కాదు.

కాప్‌కామ్ వారి 'ఏస్ అటార్నీ' దారి వేరు. 2001లో మొదలైన ఈ వరసలో ఆడేవాళ్లు డిఫెన్సు లాయరు. సాక్షి చెప్పినదాంట్లో తప్పు పట్టుకుని, సరైన సాక్ష్యం చూపించి, 'అభ్యంతరం!' అని అరవాలి. ఆ అరుపు శబ్దంగానే కాక తెర నిండా పెద్ద అక్షరాలుగా కూడా పడుతుంది. మామూలు సంభాషణ అంతా అక్షరాలే. అందుకే చెవుడున్నవాళ్లకి ఇలాంటి ఆటలు మొదటి నుంచీ చుట్టాల్లాంటివి. జపాన్‌లో 2015, 2017లలో వచ్చిన రెండు భాగాలు కలిపి 2021లో ఇంగ్లిష్‌లో విడుదలైనప్పుడు 'స్టోరీ మోడ్' అనే ఏర్పాటు చేశారు. అది పెట్టుకుంటే సాక్ష్యాలు చూపించడం, జవాబులు చెప్పడం అన్నీ ఆటే చేసుకుపోతుంది. చూసేవాళ్లు కథ చదువుకోవడమే.

దాని మీద వాదనలు మామూలే. అది ఆటెలా అవుతుందని ఒక వర్గం. పక్షవాతంతో ఒక చెయ్యి పోయినవాళ్లూ, రోజంతా చాకిరీ చేసి రాత్రి అరగంట దొరికేవాళ్లూ కథ ముగింపు చూడకూడదా అని రెండో వర్గం. ఎవరో సులువుగా ఆడుకుంటే మనం కష్టపడి గెలిచిన కేసు చెడిపోదు కదా! ఆ మేరకు మొదటి వర్గం వాదన తేలిపోతుంది. కాకపోతే స్టోరీ మోడ్‌లో ఒక లోటుంది. చేతికి సాయం కావలసినవాళ్లకి బుర్రకి కూడా సెలవిచ్చేస్తుంది. కాలు బాగోలేనివాణ్ని బండెక్కించుకుని వెళ్లి, సినిమా హాల్లో కళ్లకి గంతలు కడితే ఎలా? డంగన్‌రోంపా రెండు వరసల పద్ధతే మేలు.

ఇక చూపు లేనివాళ్ల సంగతి. అక్షరాలతోనే నడిచే ఆట కాబట్టి పైకి చదివించడం తేలికే అనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌విడిఎ లాంటి స్క్రీన్ రీడర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే చాలా ఆటల్లో ఆ అక్షరాలు తెర మీద బొమ్మలాగే గీసి ఉంటాయి. చదివే సాఫ్ట్‌వేర్‌కి అక్కడ అక్షరం ఉన్నట్టే తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటుంది.

ఈ విషయం పట్టించుకున్నవాళ్లలో ఒకడు కెంజి ఎనో అనే జపాన్ కుర్రాడు. 1995లో 'డి' అనే భయానక మిస్టరీ ఆట తీశాడు. రెండు గంటల్లో ముగించాలి, మధ్యలో ఆపడానికి లేదు, దాచుకుని రేపు ఆడటానికీ లేదు. ఇంత కర్కోటకమైన ఆట తీసినవాడికి వచ్చిన అభిమానుల ఉత్తరాల్లో చూపు లేనివాళ్లవీ ఉన్నాయి! ఎనో ఆశ్చర్యపోయి వాళ్లలో కొందరిని వెళ్లి కలిశాడు. శబ్దాలు విని లెక్కలు వేసుకుంటూ, కొట్లాట ఆటలు సైతం ఎంత కష్టపడి ఆడుతున్నారో చూశాడు. చూపున్నవాళ్లూ లేనివాళ్లూ సమానంగా ఆడే ఆట తీయాలని అప్పుడే నిర్ణయించుకున్నాడు.

1997 జులైలో వచ్చింది 'రియల్ సౌండ్: కజె నో రిగ్రెట్'. తెర మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. అంతా మాటలు, చప్పుళ్లు, సంగీతం. చిన్నప్పుడు కలిసి పారిపోదామనుకున్న ఇద్దరు పిల్లలు, పెద్దయ్యాక మాయమైపోయిన అమ్మాయి, ఆమె కోసం వెతుకులాట. దారి ఎంచుకోవాల్సిన చోట గంట మోగుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆకాశవాణి నాటకం కోసం రేడియో చుట్టూ చేరిన ఇళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు, ఆ గంట తప్ప. కథ రాసిన యూజీ సకమోతోకి 2023లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి వచ్చింది, 'మాన్‌స్టర్' సినిమాకి.

ఈ ఆటని తమ 'శాటర్న్' యంత్రానికే పరిమితం చేయమని సెగా సంస్థ అడిగింది. ఎనో బేరం పెట్టాడు. చూపు లేనివాళ్లకి వెయ్యి యంత్రాలు మీరు ఉచితంగా ఇవ్వండి, వెయ్యి ఆటలు నేనిస్తానన్నాడు. సెగా ఒప్పుకుంది. ఆట పెట్టెలో బ్రెయిలీ లిపిలో సూచనలు పెట్టారు. వాటితో పాటు ఓ చిన్న పొట్లంలో మొక్క విత్తనాలు కూడా. తర్వాత తీయాలనుకున్న భాగాలు మాత్రం వెలుగు చూడలేదు. 2013లో ఎనో నలభై రెండేళ్లకే కన్నుమూశాడు.

వెయ్యి యంత్రాలు పంచే స్తోమత అందరికీ ఉండదు. ఇప్పుడు అంత అవసరమూ లేదు. విజువల్ నవలలు తయారుచేసుకోవడానికి 2004 నుంచి 'రెన్‌పై' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో చేసిన ఆటల్లో సాధారణంగా కీబోర్డు మీద 'వి' నొక్కితే చాలు, కథని కంప్యూటరే చదివి వినిపిస్తుంది. షిఫ్ట్‌తో 'ఎ' నొక్కితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. 2023లో వచ్చిన మార్పులతో మన లిపుల్లాంటివాటిని సరిగా కూర్చడమూ నేర్చుకుంది. అంటే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కాకుండా తెలుగు కథ పెట్టుకోవచ్చు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని చదివి పెరిగిన భాషకి కథల కొరతేమీ లేదు.

రాసేవాళ్లు మాత్రం ఒకచోట తల గోక్కోక తప్పదు. హత్య జరిగిన గది బొమ్మ ఉందనుకోండి. చూపు లేనివాళ్ల కోసం దాన్ని మాటల్లో చెప్పాలి. 'గోడ మీద ఆగిపోయిన గడియారం' అని ఒక్క ముక్క చెబితే గుట్టు రట్టయినట్టే. చెప్పకపోతే అన్యాయం. బల్ల, కుర్చీ, సగం తాగిన కాఫీ, కిటికీ తెర, 4:10 దగ్గర ముల్లున్న గడియారం, మూలన గొడుగు... చూపున్నవాళ్ల కంటికి ఆనేవన్నీ అదే వరసలో, ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోవాలి. గొడుగు తడిగా ఉందో లేదో వాళ్లే అడుగుతారు.