రోగికి మందు సరే, చూసుకునే మనిషికి?

జహీరాబాద్ అనగానే మనకు పస్తాపూర్, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు గుర్తొస్తాయి. ఇక్కడి దళిత స్త్రీలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు, విత్తనాన్ని తమ చేతిలో ఉంచుకున్నారు, 2008లో మాచునూర్‌లో సొంత రేడియో పెట్టుకున్నారు. పొలంలో తమ శ్రమకు విలువ కట్టమని అడిగిన ఈ నేల మీద కూడా, ఇంట్లో రోగికి చేసే చాకిరీ గురించి మాట్లాడుకోవడం తక్కువే. మన సంఘాలన్నిటా ఇదే పరిస్థితి.

పార్కిన్సన్స్ జబ్బునే తీసుకుందాం. జనం వణుకుడు రోగం అంటారు గానీ వణుకు అందులో ఒక భాగమే. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. ఒళ్ళు బిగుసుకుంటుంది, అడుగు పడదు, మింగడం కష్టమవుతుంది. ముఖంలో కదలిక తగ్గిపోతుంది. ఎంత చేసినా మొహంలో ఏ భావమూ కనిపించక, తన మీద కోపమేమోనని భార్య కుమిలిపోతుంది. అదీ జబ్బు లక్షణమేనని ఆమెకు విడమరిచి చెప్పే డాక్టర్లు ఎందరు? పూర్తిగా నయం చేసే మందు లేదు. లెవోడోపా మాత్రలతో ఏళ్ళ తరబడి నెట్టుకురావాలి. మాత్ర వేళ తప్పితే మనిషి కూర్చున్నచోటే బిగుసుకుపోవచ్చు.

అలాంటి ఇంట్లో కూలికి పోయే స్త్రీ సంగతి ఆలోచించండి. రాత్రి రెండు మూడు సార్లు లేచి అతన్ని ఒత్తిగిలించాలి, మూత్రానికి తీసుకెళ్ళాలి. పనికి పోతే మధ్యాహ్నం మాత్ర ఎవరిస్తారు? అందుకని కూలి మానుకుంటుంది. నడుం నొప్పి, నిద్రలేమి, చిరాకు. ఎప్పుడో ఒకసారి 'ఈయన పోతే బాగుండు' అనిపిస్తుంది, ఆ వెంటనే తనను తానే తిట్టుకుంటుంది. అది దుర్మార్గం కాదు, అలసట. ఇంట్లో కొడుకున్నా ఈ పని కోడలికే చేరుతుంది. ఇక జబ్బు ఆమెకే వస్తే చేసేదెవరు?

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ళను చూసుకునే పనిలో ఉన్న స్త్రీలు రోజుకు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల పెంపకం కూడా ఇందులోనే కలిసి ఉంది. రోగి కదిలితే మెలకువ వచ్చే ఆ కలత నిద్ర ఏ నిమిషాల్లోకీ రాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ఉండాలని 24వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న మెలికా అక్కడే ఉంది. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరిట, మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయల పథకం పెట్టింది. ఆరు వందలు ఏ మూలకు? అయినా అది చాకిరీ చేసే మనిషిని గుర్తించి ఇచ్చే డబ్బు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచిన పింఛను రోగి పేరిట వచ్చేది.

సభ్యురాలు మీటింగులకు రావడం మానేస్తే, కిస్తీ అడిగే ముందు ఆమె ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో కనుక్కుందాం. వారానికి ఒక పూటైనా రోగి దగ్గర కూర్చునే మనిషిని, వంతుల వారీగా, మగవాళ్ళను కూడా కలిపి ఏర్పాటు చేద్దాం. 40 శాతం వైకల్యానికి ధ్రువపత్రం ఇప్పించడానికి తోడు వెళ్దాం. సంరక్షణ భత్యం కోసం సంగారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తులు పెడదాం, చూసుకునే స్త్రీల పేర్లతోనే.