మన జాబులు మన యింటనే యుండవలెను

పరుల యింటి కాపురమెట్టిదో కోలారు బంగారు గనుల తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1902లో శివనసముద్రపు విద్యుత్తు వచ్చినది. బేతమంగళపు నీరు వచ్చినది. కాపురమునకు లైనులో ఇల్లు దొరకినది. ఏదియు మన సొంతము కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడగా మనది కానిదేదో తెలిసివచ్చినది.

అట్టి మనమే నేడు సంఘపు లెక్కలు, శుభలేఖలు, దూరదేశముల బిడ్డల జాబులు 'ఉచిత'మను మాటకు మురిసి పరాయి కంపెనీల ఈమెయిలు పెట్టెలలో దాచుచున్నాము. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగించు పద్ధతిని గూగులు 2023 డిసెంబరులో ఆరంభించినది. గతించిన పెద్దల జాబులు ఎవరి దయపై నిలుచును?

"ఇంట మెయిలు సర్వరు నడుపుట మనవల్ల నగునా?" అని కొంద ఱాక్షేపింతురు. కష్టమే. ఇంటి ఇంటర్నెట్టు చిరునామా మాఱుచుండును. 25వ పోర్టు తఱచుగ మూసియుండును. ఎస్పీఎఫ్, డీకేఐఎం అను గుర్తింపులు లేని జాబులను పెద్ద సంస్థలు త్రోసిపుచ్చును. అయినను స్థిరమైన చిరునామాను రుసుమిచ్చి పొందవచ్చును. పంపు పనిని మాత్రము అద్దె సర్వరున కప్పగింపవచ్చును. కరెంటు పోయినచో పంపినవారి సర్వరు సాధారణముగా కొన్నిదినములు మరల మరల యత్నించును. నకలొకటి వేఱొక యింట నుంచవలెను.

ఇంటింట సర్వరు వలదు. సంఘమునకు సొంత డొమైను పేరు, చిన్న కంప్యూటరు, పని నేర్చిన యువకులిద్దఱు చాలును. ఏటేట రుసుము కట్టినంతకాలము ఆ పేరు మనది. సర్వరు మార్చినను చిరునామా మాఱదు.

బంగారము త్రవ్వి పరుల పెట్టెలు నింపితిమి. మన మాటలనైనను మన పెట్టెలో దాచుకొందము!