ద్వారముకడ సంసారము

మా ధూల్‌పేటకుఁ జేరువనున్న పురానాపూల్ దర్వాజాను మీలోఁ బెక్కురు చూచియుందురు. 1578లోఁ గట్టిన వంతెన పేరే దానికి వచ్చినది. హైదరాబాదు నగర ప్రాకారమునకుఁ గల 13 ద్వారములలో నేఁడు నిలిచినవి ఇదియు, దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. శత్రువును నిలుపుటయే అట్టి ద్వారముల పని.

విక్టోరియా రాణి కాలమున (1837–1901) ఇంగ్లండు జమీందారులు తమ తోటల వాకిటఁ గట్టించిన కావలియిండ్లు వేఱు తీరువి. ఏటవాలు కప్పు, చెక్కడపుఁ జూరుపలకలు, ఎత్తైన పొగగొట్టములు, బాటవైపు ముందునకు వచ్చిన కిటికీ. లోపలి భవనపు వైభవమును వాకిటనే చాటుటకై ఈ సొగసు. బండి చప్పుడు వినఁగానే పరుగిడి తలుపు తీయుపని తఱచు కావలివాని భార్యదే.

కొన్నిచోట్ల చూపునకు సరితూఁగవలెనని బాటకు ఇరుప్రక్కల జంటయిండ్లు కట్టిరి. సంసార మొక్కటే, వంట ఒకదాన, పడక వేఱొకదాన. వానలోనైనను బిడ్డ నెత్తుకొని ఇల్లాలు బాట దాఁటవలసినదే!

నేఁటి మన నగరమునఁ బెక్కు అపార్టుమెంట్లలో మెట్లక్రిందనో, బండ్లు నిలుపు చోటనో వాచ్‌మన్‌కు ఒక గది యిత్తురు. భర్త గేటు కాయఁగా భార్య పైయిండ్లలోఁ బనిచేయును. గేటు సొగసు మెచ్చుకొను మనము, ఆ గదికిఁ గిటికీ కలదా, పొయ్యిపొగకు దారి కలదా, కుళాయి దగ్గఱ నున్నదా యని చూడవలదా? ఇంటివారి సంఘమున ఈ ప్రశ్న ముందుగా అడుగవలసినది మనమే. వంటింటి కష్టము మనకుఁ దెలిసినట్లు మఱియెవ్వరికిఁ దెలియును?