కొనేది ఒకసారి, కట్టేది ప్రతి నెలా

శంషాబాద్‌లో ఇప్పుడు ఏ ఫంక్షన్ హాల్ ముందు చూసినా యాభై లక్షల కార్లు నాలుగైదు కనబడతాయి. 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల భూమి విలువ మారింది. భూమి అమ్మిన ఇళ్లలోకి ముందు డ్యూప్లెక్స్ వచ్చింది, తర్వాత కారు వచ్చింది. ఆ కారు మీద నాకు అసూయ లేదు. మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి, దాని వెనకాల వచ్చే ఖర్చు గురించే నా మాటంతా. ఆ ఖర్చును బుకింగ్‌కు ముందే కాగితం మీద పెట్టి చూపించే షోరూమ్ నాకింతవరకూ తగల్లేదు.

మా కాలనీ కుర్రాడొకడు కొత్తూరు వైపు ప్లాటు అమ్మి, ఆ డబ్బులో కొంత డౌన్ పేమెంట్ కట్టి స్పోర్ట్స్ కారు తీసుకుంటానన్నాడు. "ఈఎంఐ సెట్ అయింది అంకుల్, ఇంకేముంటది, పెట్రోలే కదా?" అన్నాడు. ఆ 'ఇంకేముంటది'కి జవాబు రాయడానికి ఇద్దరం కూర్చున్నాం.

ఎక్స్‌షోరూమ్ 50 లక్షలనుకున్నాం. ఇదేం ఊహల ధర కాదు. 2025 మేలో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ దాదాపు 53 లక్షలు. రెండు లీటర్ల టర్బో ఇంజిన్, 265 పీఎస్ శక్తి, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 5.9 సెకన్లు. చూడ్డానికి చిన్న బండే.

మొదటిది లైఫ్ ట్యాక్స్. 20 లక్షలు దాటిన కారుకు తెలంగాణలో 2022లో 18 శాతం చేశారు, ఆ తర్వాత ఇంకాస్త పెంచారు. 18 అనుకున్నా 9 లక్షలు. ఇది తప్పించుకోవడానికి కొందరు వేరే రాష్ట్రం నంబరుతో తిప్పుతారు. 2021 ఆగస్టులో రవాణా శాఖ హైదరాబాద్ శివార్లలో కాపు కాసి ఇలాంటి ఖరీదైన కార్లు పదకొండింటిని పట్టుకుంది. కాబట్టి ఆ దారి వదిలేయండి.

రెండోది ఇన్సూరెన్స్. 1,500 సీసీ దాటిన కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేటు ప్రకారం 24,596 రూపాయలు. పన్నెండు లక్షల కారుకైనా కోటి రూపాయల కారుకైనా అదే. తేడా అంతా సొంత నష్టం ప్రీమియంలో వస్తుంది. జీరో డెప్ (క్లెయిమ్‌లో విడిభాగాలకు తరుగు కోయని కవర్), ఇంజిన్ ప్రొటెక్షన్, రిటర్న్ టు ఇన్వాయిస్ కలిపితే ఏడాదికి లక్షన్నర దాకా వెళ్తుంది. వీటిలో ఏది తీసేద్దామని కుర్రాడు అడిగాడు. ఏదీ తీయొద్దన్నాను. ఎందుకో చెప్తాను.

2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు కట్ట తెగి నీళ్లు బెంగళూరు హైవే మీద పడ్డాయి. మనుషులు కొట్టుకుపోయారు, బండ్లు కొట్టుకుపోయాయి. అలాంటి నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజిన్‌లోకి నీళ్లు లాగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ లేని పాలసీలో అది క్లెయిమ్ కాదు. నేల మీద పాకుతున్నట్టుండే కారుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇక కారు పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ వరకే. అందులో లైఫ్ ట్యాక్స్ ఉండదు. రిటర్న్ టు ఇన్వాయిస్ లేకపోతే ఆ 9 లక్షలకు నీళ్లు వదులుకోవాల్సిందే.

మూడోది టైర్లు. ఈ బండ్లకు అప్పడంలా పలచని సైడ్‌వాల్ ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే పోతుంది. దిగి సర్వీస్ రోడ్డులో ఒక గుంత తగిలితే టైరు ఉబ్బుతుంది, రిమ్ వంగుతుంది. మామూలు పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. బండికి కూడా దెబ్బ తగిలితే కొత్త టైరు ధరలో సగం ఇస్తారు. నాలుగు టైర్లూ మారిస్తే లక్షకు అటూ ఇటూ. గట్టిగా నడిపేవాడికి రెండేళ్లు వస్తే గొప్ప.

పెట్రోలు చివర్న రాశాం. 2024 మార్చి ధర ప్రకారం హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైచిలుకు. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు వస్తే, ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లకు లక్షా అరవై వేలు. 100 ఆక్టేన్ పోయిస్తానంటే ఆ లెక్క వేరు. సర్వీసు, బ్రేకులు కలిపి అరవై వేలు.

ఒక్కసారే కట్టే లైఫ్ ట్యాక్స్ పక్కనపెట్టి, టైర్ల ఖర్చు రెండేళ్లకు పంచి, మిగతావన్నీ కూడితే ఏడాదికి 4 లక్షల 20 వేలు. ఇది చేతినుంచి పోయేది. కంటికి కనబడకుండా పోయేది తరుగు. ఐడీవీ పట్టిక ప్రకారం ఐదో ఏడు చివరికి కారు విలువ సగం. అంటే ఏడాదికి 5 లక్షలు. అమ్మకానికి పెడితే ఆ సగమైనా ఇచ్చేవాళ్లు దొరకాలి. 2024 ఏప్రిల్‌లో మామిడిపల్లి దగ్గర ఎయిర్‌పోర్టు దారిలో ఒక 2009 మోడల్ లంబోర్గినిని తగలబెట్టారు. అమ్మకం వ్యవహారంలో డబ్బు తగాదా అన్నారు పోలీసులు. ఇలాంటి బండ్లకు కొనేవాళ్లు కొద్దిమంది, మధ్యవర్తులు ఎక్కువమంది.

మొత్తం 9 లక్షల 20 వేలు. నెలకు 76 వేల పైన. ఈఎంఐ దీనికి బయట. కిలోమీటరుకు 77 రూపాయలు పడుతుంది. శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి ఔటర్ మీద 22 కిలోమీటర్లు, దాదాపు 1,700 రూపాయలు, టోల్ అదనం. క్యాబ్ దీనికంటే చాలా తక్కువ, ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు ఇంకా తక్కువ. పోనీ వేగమైనా దక్కుతుందా? ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగం 120. దాటితే వెయ్యి రూపాయల చలానా, పైన 35 యూజర్ ఛార్జీ. ఆ 120ని పదిహేను లక్షల కారు కూడా అందుకుంటుంది.

"అయితే ఎలక్ట్రిక్ తీసుకుంట" అన్నాడు కుర్రాడు. మంచి మాటే. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చారు, పెట్రోలు ఖర్చూ ఉండదు. కానీ బ్యాటరీ బరువుకు టైర్లు త్వరగా అరుగుతాయి, తరుగు, ఇన్సూరెన్సు ఎక్కడికీ పోవు.

ఫ్రిజ్ మీద కూడా ఏడాదికి ఎంత కరెంటు తాగుతుందో స్టిక్కర్ అంటిస్తున్నారు. యాభై లక్షల బండికి ఐదేళ్ల ఖర్చు పట్టిక ఇవ్వడం షోరూములకు కష్టమా? రవాణా శాఖ దీన్ని తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా ఆ పని మీరే చేయండి. బీమా, టైర్లు, సర్వీసు, పెట్రోలు, తరుగు ఐదు వరుసలూ సేల్స్‌మన్ చేత రాయించి సంతకం పెట్టించండి. ఈఎంఐ పోగా ఆ ఐదింటి మొత్తం మీ నెల రాబడిలోంచి కట్టగలిగితే సంతోషంగా కొనండి. మిగిలిన ప్లాటు కూడా అమ్మితేగానీ కట్టలేమనిపిస్తే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.